జెండా ఎత్తిన చెయ్యి

ఫిబ్రవరి 3, సోమవారం

పిల్లని ఏ ఫుట్‌బాల్ లీగ్‌లో వెయ్యాలో తేలక బుర్ర వేడెక్కిపోతోంది. ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అంటారు. మా ఇంట్లో "నీ ఇష్టం" అంటే "నాకిష్టం లేదు" అని. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ మాత్రం భాష నేర్చుకున్నాను.

మూడు లీగ్‌లూ నేనే తిరిగి చూసొచ్చాను. స్కూళ్ళ లీగ్‌లో డ్రిల్లు మాస్టారు ఆట సాగినంతసేపూ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఇరవై మంది పిల్లలకి తలా పది నిమిషాలు, ప్రసాదం పంచినట్టు. అది వద్దు. ఇప్పుడు పాప ఆడుతున్నది పేట లీగ్. ఆదివారం ఆటకి నాలుగైదు గోల్స్ వేస్తుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. అవతలి జట్టులో సగం మంది పిల్లలు మధ్యలో ఆగి జుట్టు ముడేసుకుంటారు.

ఇక పెద్ద లీగ్. కారులో గంటన్నర. వారానికి మూడు రోజుల ప్రాక్టీసు. అక్కడి కోచ్ అరవడు. పిల్లని పక్కకి పిలిచి, చేతులతో చూపించి, మళ్ళీ పంపిస్తాడు. బెంచీ మీద కూర్చున్న పిల్లలతో కూడా మాట్లాడతాడు. నేను చూసింది అదే. గెలిచే పిల్లలతో ఎవడైనా మాట్లాడతాడు. అక్కడ ఒక తల్లిని అడిగాను, "మీ అమ్మాయిని జట్టులోంచి తీసేస్తే ఏం చేస్తుందండీ?" అని. "ఏడుస్తుంది. మళ్ళీ వస్తుంది" అంది. నాకు ఆ మాట నచ్చింది.

పదహారో తారీఖు పేట లీగ్‌లో పాప జట్టు ఆట ఉంది. ఆ రోజు పెద్ద లీగ్ వాళ్ళు ఇద్దరు వచ్చి చూసి ఎంచుకుంటారట.

ఫిబ్రవరి 9, ఆదివారం

పాప పెద్ద లీగ్ ప్రాక్టీసు వేళలు కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించింది. ఇంకా ఎంపికే కాలేదే, అప్పుడే ఆర్భాటమా అన్నాను.

"అమ్మా, ఇక్కడ నన్నెవరూ దాటలేరు. అక్కడ దాటేస్తారు. నాకదే కావాలి."

పన్నెండేళ్ళ పిల్ల. నాకు ఆ వయసులో ఏం కావాలో నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పగలిగేదాన్ని కాదు.

ఆయన ఆ కాగితం చూశారు. నీ ఇష్టం అని కూడా అనలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇంటికి రాగానే ఈ పుస్తకం తీశాను. రాసెయ్యాలి. లేకపోతే ఎవరినో ఒకరిని కొట్టేలా ఉన్నాను.

పేట లీగ్‌లో రిఫరీ ఒక్కడే. రెండు పక్కలా గీత దగ్గర జెండా పట్టుకుని నిలబడేది తల్లిదండ్రులే, వంతులవారీగా. ఈ రోజు ఆయన వంతు. ఇంకెవరితోనైనా మార్చుకోండి, సొంత కూతురి ఆట, పైగా ఎంపిక అని చెప్పాను. "వంతంటే వంతే" అన్నారు. తూనికల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు కదా. ఆఫీసులో ఆయనకి త్రాసు అని పేరు. కొట్టువాడు తూకపు రాయిని అడుగున తొలిచేస్తే చేత్తో ఎత్తి చూసే పట్టేస్తారు. మా అన్నయ్య కొట్టుకే సీలు వేసొచ్చిన మనిషి.

ఒకటికొకటి. ఇంకా పది నిమిషాలు. మధ్యలోంచి బంతి వచ్చింది. పాప దూసుకెళ్ళింది. పేట లీగ్ కోచ్ సార్ దాన్ని పిడుగు అని ఊరికే పిలవరు. గోల్! నేను చెప్పులు వదిలేసి ఎగిరాను. దిగి చూస్తే ఆయన జెండా పైకెత్తి ఉంది.

ఆఫ్‌సైడ్. బంతి వదిలే క్షణానికి అవతలి డిఫెండర్లని దాటి నిలబడితే ఆఫ్‌సైడ్. ఆ సంగతి నాకు నేర్పింది కూడా ఆయనే, డైనింగ్ టేబుల్ మీద అగ్గిపుల్లలు పేర్చి.

పాప ఆయన వైపు చూసింది. ఆయన జెండా వైపు చూశారు. ఎంపికవాళ్ళిద్దరూ ఏదో రాసుకుని, పుస్తకం మూసి, ఆట అయ్యేలోపే కారెక్కారు.

గేటు దగ్గర అందరూ ఆయన్ని మెచ్చుకోవడమే. సొంత బిడ్డ గోల్ అయినా వదల్లేదండీ, మనిషంటే మీరండీ అని. హరిశ్చంద్రుడు పక్కింట్లో ఉంటే బాగుంటాడు. మనింట్లో ఉంటే తెలుస్తుంది.

ఫిబ్రవరి 17

పాప ముద్ద ముట్టలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

కోచ్ సార్ ఫోన్ చేశారు. పాప జట్టులో గోల్‌కీపర్ పిల్లకి పెద్ద లీగ్‌లో స్థానం వచ్చింది. పాపకి రాలేదు. "పరుగు బాగుంది, ఎక్కడ నిలబడాలో తెలియదు" అని రాశారట. ఎక్కడ నిలబడాలో! ఆ ఒక్క జెండా చేసిన పని.

ఒక స్థానం ఇంకా ఖాళీగా ఉందట. మార్చి పదహారున మళ్ళీ పిలుస్తారు.

ఆయన మీద కోపంగానే ఉంది. కానీ నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో కాస్త గర్వంగా కూడా ఉంది. ఎవరున్నారీ రోజుల్లో అలా?

ఫిబ్రవరి 20, గురువారం

గోల్‌కీపర్ పిల్ల వాళ్ళమ్మ నా కళ్ళ క్లినిక్‌కి వచ్చింది. ఆవిడ ప్రతి ఆటా ఫోన్‌లో తీస్తుంది. "అక్కా, ఇది మీరు చూడాలి. ఎవరికీ చూపించలేదు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

బంతి వదిలే చోట ఆపి చూశాను. పాపకీ గోల్‌కీ మధ్య ఇద్దరు డిఫెండర్లు. పాప వాళ్ళకి రెండు బారలు వెనక ఉంది. రెండు బారలు! గుడ్డివాడైనా చెబుతాడు. ఆయన సరిగ్గా ఆ గీత పక్కనే ఉన్నారు.

కళ్ళు. కళ్ళు దెబ్బతిన్నాయి ఆయనకి. రోజూ పాతికమందికి కళ్ళు పరీక్ష చేస్తాను, ఇంట్లో మనిషిని ఎప్పుడు చూశాను? నలభై ఆరేళ్ళొచ్చాయి. ఆ వయసులో దగ్గర చూపే తగ్గుతుంది, దూరం తగ్గదు. ఏమో, దూరం కూడా తగ్గి ఉండొచ్చు. కొందరికి తగ్గుతుంది.

వీడియో నా ఫోన్‌లోకి పంపించుకున్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

క్లినిక్ మూసే ముందు ఆయన్ని రమ్మన్నాను. కుర్చీలో కూర్చోబెట్టాను. కుడి కన్ను మూసి ఎడమ, ఎడమ మూసి కుడి. ఆఖరి వరస గడగడా చదివేశారు. దాని కింద చార్టు అచ్చేసిన ప్రెస్సు పేరు ఉంటుంది, చీమ తలకాయలంత అక్షరాలు. అది కూడా చదివారు, నేను అడక్కుండానే.

"మరి ఆదివారం ఏం చూశారు?"

ఫోన్ తీసి వీడియో చూపించాను. చూశారు. కుర్చీ దిగి, మెషిన్ మీద గడ్డం ఆనించే చోట తన జేబురుమాలుతో తుడిచారు. ఎందుకు తుడిచారో ఆయనకే తెలియదు.

అప్పుడర్థమైంది నాకు. కళ్ళ తప్పు కాదు.

ఇక నుంచి ఈ పుస్తకంలో 'అన్నారు', 'చూశారు' అని రాయబుద్ధి కావడం లేదు. రాయను.

ఫిబ్రవరి 23, ఆదివారం

మేడ మీద బట్టలు ఆరేస్తూ అడిగాను. పాప కింద వీధిలో బంతితో ఉంది.

"నిజంగా చెబుతున్నా, చెయ్యి దానంతటదే లేచింది" అన్నాడు.

"దానంతటదే లేవడానికి అది చెయ్యా, గేటా?"

తీగ మీది చొక్కా ముడతలు లాగుతూ చెప్పాడు. "ఆ పెద్ద లీగ్‌లో తల్లిదండ్రుల్ని కంచె అవతల నిలబెడతారు. నేను వెళ్ళి చూశాను, నీకు చెప్పలేదు. పిల్ల పడిపోయినా లోపలికి వెళ్ళనివ్వరు. ఇక్కడైతే నేను గీత దగ్గర ఉంటాను. గోల్ వెయ్యగానే ముందు నా వైపే చూస్తుంది. ఇంకో రెండేళ్ళు పోతే ఎలాగూ చూడదు. ఆ రెండేళ్ళు ఇక్కడే ఆడితే ఏం పోయిందీ అనుకున్నాను."

"ఆ మాట నోటితో చెప్పి ఉండొచ్చుగా?"

"చెబితే నువ్వు వింటావా?"

వినను. నిజమే, విని ఉండేదాన్ని కాదు. అయితే మాత్రం? పోట్లాడుకునేవాళ్ళం, గిన్నెలు విసురుకునేవాళ్ళం, ఆఖరికి ఏదో ఒకటి తేల్చుకునేవాళ్ళం. నా వెనకాల, అంతమంది ముందు, పిల్ల కష్టాన్ని జెండాతో కొట్టి పడేస్తాడా? ఊళ్ళో కొట్లన్నీ తిరిగి చారెడు తక్కువ తూచినవాడి పరువు తీసే పెద్దమనిషి! నమ్మాను. పద్నాలుగేళ్ళు కళ్ళు మూసుకుని నమ్మాను. తడిగుడ్డతో గొంతు కోశాడు.

ఫిబ్రవరి 26, బుధవారం

పాప ఆట మారిపోయింది.

ఈ రోజు ప్రాక్టీసుకి వెళ్ళి గేటు పక్క బల్ల మీద కూర్చుని చూశాను. బంతి వస్తుంటే ఆగుతోంది. తల తిప్పి డిఫెండర్లు ఎక్కడున్నారో చూసుకుంటోంది. బంతి వెళ్ళిపోయాక బయల్దేరుతోంది. ప్రతి బంతికీ అరడుగు ఆలస్యం. కోచ్ సార్ నా దగ్గరకొచ్చి "ఏమైందమ్మా? పిడుగు కాస్తా తడిసిన టపాకాయ అయిపోయింది" అన్నారు.

ఇంటికొచ్చేటప్పుడు అడిగాను, ఎందుకాగుతున్నావని.

"నేను తొందరపడుతున్నా కదమ్మా. నాకు తెలియకుండానే ముందుకెళ్ళిపోతున్నా. నాన్న చూశారు కదా."

"నాన్న పొరపాటు పడ్డారేమో."

"నాన్నా?" అని నవ్వింది. "నాన్న పొరపాటు పడరు."

నా ఫోన్ నా చేతి సంచీలోనే ఉంది. తీసి చూపిస్తే అరనిమిషం. చూపించలేదు. మీ నాన్న కావాలనే నీ గోల్ చెరిపేశాడు అని కన్నబిడ్డకి ఏ నోటితో చెప్పను? దాని ఆట బాగుపడాలంటే దాని మనసులోని తండ్రి పోవాలి. సమయం చూసి చెబుతాను. పిల్ల కోసమే ఆగాను.

మార్చి 1, శనివారం

పదహారో తారీఖు ఎంపికకి పాప వెళ్తుంది అని ఆయనకి చెప్పాను. తలూపాడు. పెద్ద లీగ్‌లో దాన్ని చేర్చడానికి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టమన్నాను. ఆఫీసులో ప్రతి కాగితం మూడుసార్లు చదివే మనిషి, చదవకుండా పెట్టాడు. ప్రాక్టీసుకి రోజూ మీరే దింపాలి అన్నాను. సరే అన్నాడు. మా అక్క వాళ్ళింటికి వెళ్ళే విషయం ఆర్నెల్లుగా నలుగుతోంది, దానికి కూడా సరే అన్నాడు.

వీడియో నా దగ్గర ఉన్నంతకాలం ఆ నోరు లేవదు. ఇందులో నా తప్పేం లేదు. పిల్ల కోసమే కదా.

అక్క వాళ్ళింటికి వెళ్ళడం పిల్ల కోసం కాదనుకో.

మార్చి 5, బుధవారం

పాప ఇంకా ఆగుతూనే ఉంది. ఇలా ఆడితే పదహారున ఎవరూ తీసుకోరు. వంటింట్లో ఆయన్ని నిలదీశాను.

"మీరే దానికి చెప్పండి."

"ఏమని చెప్పను?"

"ఏమో, ఏదో ఒకటి చెప్పండి. పిల్ల మాత్రం పరిగెత్తాలి."

మార్చి 7, శుక్రవారం

కళ్ళద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చాడు.

నల్ల ఫ్రేము. గుమ్మంలోనే పాపని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "తల్లీ, కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. దూరం సరిగా ఆనడం లేదట నాకు. ఆ రోజు నేను పొరపాటు పడ్డాను. నీది గోలే" అన్నాడు.

పాప ముందు ఏడ్చింది. తరవాత నవ్వింది. తరవాత "అయ్యో నాన్నా, ఎన్నాళ్ళనుంచి కనిపించట్లేదు, చెప్పొద్దూ!" అని మెడ చుట్టూ చేతులు వేసింది. బంతి తీసుకుని వీధిలోకి ఒకటే పరుగు. గోడకేసి కొడుతూనే ఉంది, పక్కింటివాళ్ళు వచ్చి ఆపమని అడిగేదాకా.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆ కళ్ళద్దాలు తీసి చూశాను. దీనికి మెషిన్ అక్కర్లేదు. పవర్ ఉన్న అద్దాన్ని అక్షరం ముందు పట్టుకుని ఊపితే అక్షరం కదులుతుంది. క్యాలెండర్ ముందు పట్టుకుని ఊపాను. పై నుంచి కిందికి, ఈ పక్క నుంచి ఆ పక్కకి. అంకెలు ఉన్నచోటే ఉన్నాయి. ఉత్త గాజు.

నేను పరీక్ష చేసిన కళ్ళకి, నా ఇంట్లో, నా ముందు, నాటకం. మళ్ళీ టేబుల్ మీద పెట్టేశాను. పిల్ల పరిగెడుతోంది కదా. నాకింకేం కావాలి?

మార్చి 9, ఆదివారం

నాలుగు గోల్స్. ఆట అయ్యాక మెట్లు దిగుతుంటే పాప ఆయన చెయ్యి పట్టుకుని "నాన్నా, ఇక్కడ మెట్టు ఉంది" అంటోంది. ఆయన చూసుకుంటూ, తడుముకుంటూ దిగుతున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోల్‌కీపర్ పిల్ల వాళ్ళమ్మ నా వైపు చూసింది. నేను సంచీ సర్దుకున్నాను.

మార్చి 16, ఆదివారం

వచ్చింది!!! పాపకి పెద్ద లీగ్‌లో స్థానం వచ్చింది. అక్కడి కోచ్ స్వయంగా వచ్చి "ఈ అమ్మాయికి భయం లేదు" అన్నాడు. ఇరవై ఒకటో తారీఖు శుక్రవారంలోగా చేరతానని పాప సంతకంతో కాగితం ఇవ్వాలి. ఇంట్లో ముగ్గురం స్వీటు తిన్నాం. ఈ ఒక్కరోజుకి ఆయన్ని కూడా క్షమించేశాను.

మార్చి 18, మంగళవారం

పాప చేరనంటోంది.

టిఫిన్ తింటూ, చాలా మామూలుగా చెప్పింది. "అమ్మా, ఆలోచించాను. నేను పేట లీగ్‌లోనే ఆడతాను."

"ఏంటే? పిచ్చా నీకు?"

"నాన్నకి దూరం కనిపించదు కదా. గంటన్నర హైవే. అన్నీ లారీలే. వారానికి మూడుసార్లు. నీకేమో కారు రాదు. నాన్నకేమైనా అయితే నేను గోల్స్ వేసుకుని ఏం చేసుకోవాలి?"

బీరువా మీద కాగితం అప్పటికే తీసేసింది. నవ్వుతూనే ఉంది పిల్ల. త్యాగం చేస్తున్నానని దానికి అనిపించడం కూడా లేదు.

ఆయన ఎదురుగా కూర్చుని పేపరు చదువుతున్నాడు. కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. తీసి టేబుల్ మీద పెడితే అయిపోయేది. తియ్యలేదు. పేజీ తిప్పాడు.

మొదటిసారి చెయ్యి దానంతటదే లేచిందన్నాడు. మరి ఈసారి? ఇలా అవుతుందని తెలిసే కొన్నాడా ఆ గాజుముక్కలు? లేక అయ్యాక తెలిసి నోరు మూసుకున్నాడా? ఏది నిజమైతే నాకు కాస్త తేలికగా ఉంటుందో తెలియడం లేదు.

మార్చి 19, బుధవారం

"రేపు పొద్దుటికల్లా మీరు చెప్పకపోతే నేను చెబుతాను. వీడియోతో సహా" అన్నాను.

"నన్ను అసహ్యించుకుంటుంది."

"అసహ్యించుకోనివ్వండి. పిల్ల కోసమే కదా మీరు చేసిందంతా?"

ఆ మాట అంటుంటే నాకెందుకో నా గొంతే వినిపించింది.

మార్చి 20, గురువారం

చెప్పాడు.

కళ్ళద్దాలు లేకుండా వచ్చి పాప మంచం అంచున కూర్చున్నాడు. ఏదీ దాచలేదు. కంచె సంగతి, జెండా సంగతి, ఉత్త గాజు సంగతి. చెబుతున్నంతసేపూ కిందికే చూశాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఇక నా బరువు దిగిపోతుంది అనుకున్నాను. పాప లేచొచ్చి నన్ను పట్టుకుని ఏడుస్తుంది, నేను ఓదారుస్తాను, అంతవరకూ కూడా అనుకున్నాను.

పాప ఏడవలేదు. నా వైపు తిరిగింది.

"అమ్మా, నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి? కళ్ళద్దాలకి ముందా, తరవాతా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. దొరికిందని రాసుకుంటున్నాను.

"ముందే."

"అంటే నేను బంతి వెళ్ళాక పరిగెత్తుతున్నప్పుడు నీకు తెలుసు. గేటు దగ్గర బల్ల మీద కూర్చుని చూశావు కదా ఆ రోజు. ఎందుకాగుతున్నావని కూడా అడిగావు."

"నీ కోసమే తల్లీ, నువ్వు బాధపడతావని..."

"నా తప్పనుకుని ఎన్ని రోజులు ఆడానమ్మా నేను!"

అంతే. దుప్పటి మడతపెట్టింది. ముఖం కడుక్కుంది. స్కూలుకి వెళ్ళిపోయింది. ఆయనా నేనూ ఆ గదిలో అలాగే ఉండిపోయాం.

మార్చి 21, శుక్రవారం

సాయంత్రం పాప కాగితం మీద తనే సంతకం పెట్టుకుని, కోచ్ సార్‌కి ఇచ్చేసి వచ్చింది. గోల్‌కీపర్ పిల్లని తీసుకెళ్ళడానికి లీగ్ వ్యాన్ వస్తుందట, అందులోనే వెళ్తుందట. అన్నీ తనే కనుక్కుంది.

"ఇంకో మాట" అంది, బూట్లు విప్పుతూ. "మీరిద్దరూ ఆటలకి రాకండి."

"నేనేం చేశానే? ఆయన చేసినదానికి నన్ను కూడానా?" అని అరిచాను. అరిచాక సిగ్గేసింది, పక్కన ఆయన ఉన్నాడు.

"ఇద్దరూ" అంది.

మూడు లీగ్‌లు తిరిగింది నేను. ఎండలో నిలబడి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, మంచిది ఏరింది నేను. నన్నూ ఆయన్నీ ఒకే గాటన కట్టేసింది. ఇది అన్యాయం. ఎంత అన్యాయమో రాద్దామని ఈ పుస్తకం ముందుపేజీలు తిరగేశాను. ఫిబ్రవరి 26, మార్చి 1, మార్చి 7 చదివి మూసేశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఈ రోజు మొదటి ఆట. పొద్దున్నే వ్యాన్ వచ్చి హారన్ కొట్టింది. పాప నీళ్ళ సీసా తనే నింపుకుంది. వెళ్ళొస్తానంది, ఇద్దరికీ కలిపి.

పదిన్నరకి మొదలు. ఆయన పేపరు పట్టుకున్నాడు, నేను బియ్యం ఏరాను. పదకొండుంబావుకి "సగం అయిపోయి ఉంటుంది" అన్నాడు. రెండు వారాల తరవాత ఆయన అన్న మాటకి నేను "ఊఁ" అన్నాను.

మధ్యాహ్నం రెండుకి వచ్చింది. మోకాలు గీసుకుపోయింది, సాక్సు నిండా మట్టి. గెలిచారా అని ఇద్దరమూ అడగలేదు. తను చెప్పలేదు. స్నానం చేసి, భోంచేసి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కాసేపటికి లోపల్నుంచి దాని గొంతు. స్కూల్లో స్నేహితురాలికి ఫోన్‌లో ఆటంతా చెబుతోంది. పరిగెత్తుకుంటూ చెబుతున్నట్టే ఉంది, ఊపిరి తీసుకోకుండా, పకపకా నవ్వుతూ.

నేను పళ్ళెం పట్టుకుని వసారాలో ఆగిపోయాను. చూస్తే తలుపుకి అటుపక్క గోడకి ఆనుకుని ఆయన. చెవి రిక్కించి ఉన్నాడు. రెండు గోల్స్ అన్నది వినిపించింది. ఎవరు వేశారో వినపడలేదు. 'నువ్వేమైనా విన్నావా' అన్నట్టు ఆయన కళ్ళతోనే అడిగాడు. లేదని తలూపాను.

లోపల కుర్చీ జరిగింది. ఆయన వంటింట్లోకి, నేను పెరట్లోకి గబగబా వెళ్ళిపోయాం.